చైన్ మానేసి ఇంటి దగ్గరి కాఫీ షాప్‌కి మారేముందు ఏం చూడాలి?

ప్రశ్న: చాలాకాలంగా పెద్ద చైన్ కాఫీయే తాగుతున్నాను. ఇకనుంచి ఇంటికి దగ్గర్లో ఉన్న చిన్న షాపులకు మారదామనుకుంటున్నాను. కాఫీ నిజంగా బాగుంటుందా? నాలుగైదు షాపులున్నాయి, వాటిలో ఏది మంచిదో ఎలా తెలుస్తుంది?

సమాధానం: చిన్న షాపు అయినంత మాత్రాన కాఫీ బాగుండాలని రూలేమీ లేదు. నోట్లో పెట్టుకోలేని కాఫీ దొరికేదీ చిన్న షాపుల్లోనే, మర్నాడు కూడా గుర్తుండే కాఫీ దొరికేదీ అక్కడే. చైన్‌లో ఆ రెండూ అరుదు. చైన్ చేసే పనల్లా కప్పు ఒక మెట్టు కిందికి దిగకుండా చూసుకోవడం. చిన్న షాపుకి ఉన్న అసలు బలం ఒక్కటే: గింజలు ఎంచుకునే మనిషి, మెషీన్ సరిచేసే మనిషి, కప్పు మీ చేతికిచ్చే మనిషి దాదాపు ఒకే గదిలో ఉంటారు. ఈ పూట రుచి తేడా కొడితే ఈ పూటే మార్చేయగలరు, పైవాళ్లను అడగక్కర్లేదు. ఆ వీలు ఉండి కూడా వాడుకోని షాపైతే, మీరు డబ్బు ఇస్తున్నది కుర్చీలకే. కాబట్టి మీరు కనిపెట్టాల్సింది ఆ ఒక్క సంగతే, దాన్ని కౌంటర్ ముందు ఐదు నిమిషాలు నిలబడి కనిపెట్టొచ్చు.

ముందుగా చైన్ కాఫీ అలా ఎందుకుంటుందో తెలిస్తే పోల్చడం సులువవుతుంది. గింజలు వేయిస్తున్నప్పుడు లోపలి ఆవిరి, గ్యాస్‌ల ఒత్తిడికి సుమారు 196 డిగ్రీల దగ్గర ఒకసారి చిటపటమంటాయి, 224 దగ్గర రెండోసారి. మొదటి చిటపట దాటి కొద్దిసేపటికి దించేస్తే గింజ పండిన చోటు, దాని రకం, ఆరబెట్టిన తీరు కప్పులో తెలుస్తాయి. రెండో చిటపట దాకా పోనిస్తే అవన్నీ అణగిపోయి వేపుడు రుచి పైకి వస్తుంది. వేల షాపుల్లో ఏడాది పొడుగునా ఒకే రుచి రావాలంటే, అందులోనూ ఎక్కువమంది పాలూ సిరప్పూ కలిపే తాగుతున్నప్పుడు, ముదురుగా వేయించడమే తెలివైన దారి. ఈ ఏడు పంట కాస్త పలచబడినా ఎవరికీ తెలియదు. ఇది నిర్లక్ష్యం కాదు, లెక్క. చాలా చైన్లలో మెషీన్లూ అంతే: మీట నొక్కితే చాలు, పొడి కొట్టడం, అదమడం, నీళ్లు పంపడం అన్నీ తనే చేసుకుంటుంది. నిన్న చేరిన కుర్రాడూ నిన్నటి కాఫీలాంటి కాఫీయే ఇస్తాడు. అంతకంటే మంచిది ఇద్దామన్నా వీలుండదు.

ఇక చిన్న షాపుల సంగతి. మొదట చూడాల్సింది గింజల సంచి మీద వేయించిన తేదీ. "ఈ తేదీలోపు వాడండి" అని మాత్రమే ఉండి, వేయించిన తేదీ లేకపోతే తాజాదనం గురించి అక్కడ ఎవరూ పట్టించుకోవట్లేదని అర్థం. తాజా అంటే నిన్న వేయించింది అని కూడా కాదు. వేయించిన గింజలోంచి రోజుల తరబడి కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తూనే ఉంటుంది (సంచికి ఉండే చిన్న గుండ్రటి వాల్వ్ అందుకే). ఆ గ్యాస్ ఎక్కువగా ఉన్న గింజతో ఎస్‌ప్రెస్సో (మెషీన్ ఒత్తిడితో వేడినీళ్లు పంపి తీసే చిక్కటి కాఫీ) తీస్తే నురగ బుసబుసా పొంగుతుంది, నీళ్లు పొడిలోకి సమంగా దిగవు, కప్పు పదునుగా పుల్లగా వస్తుంది. ఎస్‌ప్రెస్సోకి వేయించిన వారం నుంచి మూడు వారాల మధ్య, ఫిల్టర్ పద్ధతికి (ఫిల్టర్‌లో పొడి వేసి పైనుంచి వేడినీళ్లు పోసి దించే పలచటి కాఫీ, మన డికాక్షన్ కాదు) నాలుగైదు రోజుల నుంచి నెల లోపు బాగుంటాయి. లేతగా వేయించినవి ఇంకొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు. "నిన్ననే వేయించాం సార్" అని గర్వంగా చెప్పి దాంతోనే ఎస్‌ప్రెస్సో పోస్తే, ఉత్సాహం ఉంది గానీ అనుభవం చాల్లేదని అనుకోండి.

తర్వాత కళ్లు గ్రైండర్ మీద పెట్టండి. పైన గింజలు పోసే ప్లాస్టిక్ గిన్నె గోడలకు పసుపు జిడ్డు పట్టి ఉందా? అది పాత నూనె. ముదురు గింజల నూనె పైకి తేలి ఆ గోడలకంటుకుంటుంది, కడక్కపోతే కొన్ని రోజుల్లో చెడి ప్రతి కప్పులోనూ నిలవ నూనె వాసన వేస్తుంది. ఆ గిన్నె అంచుదాకా నిండుగా ఉండటం చూడ్డానికి బాగుంటుంది గానీ మంచిది కాదు. ఆ కొద్ది గంటలకు సరిపడా పోసుకుని మిగతాది మూతపెట్టిన డబ్బాలో ఉంచుకునే షాపు మేలు. పొడి ఎప్పటికప్పుడు కొడుతున్నారా, ముందే కొట్టి గుట్ట పోశారా అన్నది అంతకంటే ముఖ్యం. గింజగా ఉన్నప్పుడు వారాలు నిలిచే వాసన పొడిగా మారాక నిమిషాల్లో తగ్గిపోతుంది.

ఎస్‌ప్రెస్సో తీసే తీరులోనే మనిషి పనితనం బయటపడుతుంది. మెషీన్‌లోంచి ఒకసారి తీసే ఎస్‌ప్రెస్సోని షాట్ అంటారు. సాధారణంగా తీసే డబుల్ షాట్ లెక్క ఇలా ఉంటుంది: పొడి 18 గ్రాములు, కప్పులోకి దిగేది సుమారు 36 గ్రాములు, సమయం 25 నుంచి 30 సెకన్లు, ఒత్తిడి 9 బార్లు, నీటి వేడి 92 నుంచి 96 డిగ్రీలు. ఈ అంకెలే వేదం కాదు. గింజను బట్టి 18కి 40 తీసేవాళ్లూ ఉంటారు, 45 తీసేవాళ్లూ ఉంటారు. మీరు చూడాల్సింది కప్పు కింద చిన్న తూకం ఉందా, టైమర్ మీద చూపు పడుతోందా అన్నది. తూకం లేకపోతే పొద్దున తొమ్మిదింటి కాఫీకీ పదకొండింటి కాఫీకీ పొంతన ఉండదు, ఎందుకంటే గ్రైండర్ వేడెక్కేకొద్దీ, గాలిలో తేమ మారేకొద్దీ పొడిలోంచి కాఫీ దిగే వేగం మారుతుంది. మంచి షాపులో పొద్దున్నే మొదటి రెండు మూడు షాట్లు రుచి చూసి పారబోస్తారు, గ్రైండ్, అంటే పొడి ఎంత సన్నగా కొట్టాలన్నది, సరిచేస్తారు, రద్దీ తగ్గాక మళ్లీ చూసుకుంటారు. "ఇవాళ గ్రైండ్ ఏమన్నా మార్చారా?" అని మామూలుగా అడిగి చూడండి. మార్చినవాళ్లు ఎందుకు మార్చారో కూడా చెప్పేస్తారు. ఆ ప్రశ్నే వింతగా అనిపించిందంటే అక్కడ మార్చడమన్నది లేదు.

చేతి అలవాట్లూ చూడండి. పోర్టాఫిల్టర్, అంటే పొడి వేసి మెషీన్‌కి తగిలించే పిడి ఉన్న గిన్నె, వాడనప్పుడు కూడా మెషీన్‌కే తగిలి వేడిగా ఉండాలి, బల్ల మీద చల్లారుతూ కాదు. పొడి వేసేముందు లోపల పొడిగుడ్డతో తుడవాలి. తగిలించేముందు ఒక్క క్షణం నీళ్లు వదిలి అంతకుముందు షాట్ తాలూకు మడ్డిని కడిగేయాలి. పొడిని వంకరగా అదిమితే నీళ్లు పలచగా ఉన్న పక్కనుంచి సందు చేసుకుని పారిపోతాయి. అప్పుడు ఆ సందులో పొడి అతిగా పిండబడుతుంది, మిగతాది సగమే పిండబడుతుంది, కప్పు ఒకే గుటకలో పుల్లగానూ చేదుగానూ ఉంటుంది. షాట్ పదిహేను సెకన్లలో గలగలా దిగిపోతే పలచన, పులుపు, కాస్త ఉప్పదనం. నలభై దాటి బొట్టు బొట్టుగా కారితే చేదు, నాలుకను పట్టేసే వగరు. అలా వచ్చిన షాట్‌ని చూసి పారబోసి ఇంకోటి తీసే షాపు దొరికితే ఇక వెతకడం ఆపేయొచ్చు.

పాల దగ్గర మోసం ఎక్కువ జరుగుతుంది, పట్టుకోవడమూ తేలికే. ఆవిరి గొట్టాన్ని ప్రతి కప్పు తర్వాత వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఒక్కసారి ఆవిరి వదలాలి. గొట్టం మీద ఎండిన పాల పొర కనిపిస్తే లోపల కూడా అదే ఉంటుంది. శబ్దం వినండి: మొదటి కొద్ది సెకన్లు కాగితం చింపినట్టు చిన్న సరసర, ఆ తర్వాత దాదాపు నిశ్శబ్దంగా పాలు సుడి తిరగడం, అది సరైన తీరు. మొదట్నుంచి చివరిదాకా ఈలవేసినట్టు కీచుమంటుంటే గాలి ఎక్కట్లేదు, పాలు ఊరికే మరుగుతున్నాయి. పాలు 55 నుంచి 65 డిగ్రీల మధ్య దించితే తియ్యగా ఉంటాయి. 70 దాటితే ప్రొటీన్లు చెదిరి నురగ నిలవదు, కాగిన పాల వాసన వస్తుంది, తీపి తగ్గినట్టనిపిస్తుంది. జగ్గులో మిగిలిన పాలల్లో కొత్తపాలు పోసి మళ్లీ ఆవిరి పట్టడం చూస్తే ఆ షాపులో పాల కాఫీ వద్దు. ఒకసారి వేడెక్కిన పాలకు మళ్లీ నున్నటి నురగ రాదు. మీకు పొగలు కక్కే కాఫీయే కావాలంటే పాలు ఎక్కువ వేడి చేయమని అడక్కండి, కప్పును వేడినీళ్లతో కడిగి పోయమనండి. కాపుచ్చీనో మీద ఆకు బొమ్మ వచ్చిందంటే పాలు బాగా కుదిరాయని అర్థం, అంతే. బొమ్మ కింద ఉన్న షాట్ గురించి ఆ బొమ్మ ఏమీ చెప్పదు.

కప్పు సైజు గురించి ఒక మాట. చైన్‌లో పెద్ద కప్పు తాగిన నాలుకకు చిన్న షాపు కప్పు "స్ట్రాంగ్"గా అనిపించడానికి సగం కారణం కొలతే. అదే 36 గ్రాముల షాట్ 160 మిల్లీలీటర్ల కప్పులో నాలుగో వంతుకు కాస్త తక్కువ. 350 మిల్లీలీటర్ల కప్పులో పదో వంతు. పెద్ద కప్పుకి మారినప్పుడు చాలాచోట్ల పెరిగేది పాలే, షాట్లు కాదు. కాబట్టి మొదటి వారం చిన్న షాపు కాఫీ గట్టిగా అనిపిస్తే అది తప్పు అనుకోకండి. కావాలంటే పాలు కాస్త ఎక్కువ పోయమని అడగండి, నాలుక కొన్నాళ్లకు సర్దుకుంటుంది.

పాలు లేకుండా ఫిల్టర్ పద్ధతిలో తాగేవాళ్లయితే లీటరు నీటికి సుమారు 60 గ్రాముల పొడి అన్నది మధ్యస్థపు లెక్క. ముందే కాచి పెట్టే షాపుల్లో అడగాల్సింది ఒక్కటే: ఎప్పుడు కాచారు? వేడి పళ్లెం మీద గాజు జగ్గు ఉంటే అరగంటకే కాఫీ పాడవడం మొదలవుతుంది. వేడికి కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు విడిపోయి క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది, నాలుక వెనక గరగరలాడే పులుపు-చేదు అదే. ఫ్లాస్కులో పోసి, కాచిన టైము దానిమీద రాసి, గంట గంటన్నర దాటితే పారబోసే షాపు సరైనది.

నీళ్ల సంగతి కస్టమర్లు ఎవరూ అడగరు, అడగాల్సింది మాత్రం అదే. ఫిల్టర్ కాఫీలో 98 శాతానికి పైగా నీళ్లే, ఎస్‌ప్రెస్సోలో కూడా దాదాపు 90 శాతం. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 75 నుంచి 250 మిల్లీగ్రాములు, మధ్యలో 150 దగ్గర ఉంటే కాఫీ బాగా దిగుతుంది. క్లోరిన్ వాసన అసలు ఉండకూడదు. మరీ గట్టినీళ్లయితే పులుపులన్నీ అణగిపోయి కప్పు చప్పగా, సుద్దగా ఉంటుంది, బాయిలర్లో గార కడుతుంది. లవణాలన్నీ తీసేసిన నీళ్లయితే కాఫీ డొల్లగా, గుచ్చుకున్నట్టుగా ఉంటుంది. ఉత్త మంచినీళ్ల గ్లాసు అడిగి తాగండి. ఆ గ్లాసులోనే వాసన ఉంటే, మెషీన్‌కి విడిగా ఫిల్టర్ ఉందా అని అడగాల్సిందే. అలాగే శుభ్రత: రోజు చివర రంధ్రాల్లేని గిన్నె తగిలించి, మెషీన్ కడిగే పొడి వేసి నీళ్లను వెనక్కి తోలించి కడగాలి. ఈ పని మానేసిన షాపులో ఏ గింజ వాడినా బూడిద, మాడు రుచి ఒకేలా తగులుతుంది. మీరు వరసగా రెండు వేర్వేరు గింజలు తాగి రెండింటిలోనూ అదే మాడు రుచి కనిపిస్తే గింజల్ని తిట్టకండి.

ఇక షాపుల్ని పోల్చే పద్ధతి. ప్రతిచోటా ఒకే డ్రింక్ తాగండి, మొదటిసారి చక్కెర లేకుండా. ఎస్‌ప్రెస్సో తట్టుకోలేకపోతే అందులో వేడినీళ్లు కలిపిన అమెరికానో చాలు. వెంటనే తాగెయ్యకుండా సగం చల్లారనివ్వండి. మరీ వేడిగా ఉన్నప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి, తప్పులన్నీ గోరువెచ్చగా అయ్యాకే బయటపడతాయి. బాగా చేసిన కాఫీ చల్లారేకొద్దీ తీపి తేలుతుంది. రెండోసారి వేరే వేళలో, వీలైతే వేరే మనిషి డ్యూటీలో ఉన్నప్పుడు వెళ్లండి. మొదటిసారి అద్భుతంగా ఉండి రెండోసారి తేలిపోయిందంటే ఆ షాపులో పని తెలిసింది ఒక్కరికే. అది తీసెయ్యాల్సినంత తప్పేం కాదు, ఆ మనిషి ఉండే వేళకు వెళ్లడమే.

అడగాల్సిన ప్రశ్నల్లో "ఎవరు వేయిస్తారు?" అన్నది అన్నిటికంటే పనికొస్తుంది. ఎందుకంటే చిన్నగా, ఒంటరిగా కనిపించే చాలా షాపులు గింజల విషయంలో ఒంటరివి కావు. పెద్ద సరఫరాదారు మెషీన్, గ్రైండర్ ఉచితంగా ఇస్తాడు, బదులుగా ఇన్నేళ్లు నా గింజలే కొనాలని ఒప్పందం రాయించుకుంటాడు. షాపు పెట్టేవాళ్లకు అది పెద్ద ఊరటే, మెషీన్ ఖరీదు తక్కువేం కాదు. కానీ గింజ నచ్చకపోయినా మార్చే దారి మూసుకుపోతుంది. కప్పులు, చక్కెర పొట్లాలు, గ్రైండర్, బయటి గొడుగు అన్నిటిమీదా ఒకే బ్రాండ్ పేరుంటే సంగతి అదే కావచ్చు. అక్కడ కూడా మంచి చెయ్యి ఉంటే కాఫీ బాగుండొచ్చు, చైన్ కంటే వేరే రుచి మాత్రం ఆశించకండి.

బోర్డు మీది మాటలకు మోసపోకండి. "100 శాతం అరబికా" అన్నది రకం పేరు, నాణ్యతకు హామీ కాదు. నాసి అరబికా కంటే శుభ్రంగా పండించిన రోబస్టా చాలా నయం. కెఫీన్ దాదాపు రెట్టింపు ఉంటుంది, పాలలో బాగా నిలుస్తుంది. "సింగిల్ ఆరిజిన్" అంటే ఒక తోట కావచ్చు, ఒక దేశమంతా కావచ్చు. ప్రాంతం పేరు, ఆరబెట్టిన పద్ధతి, పంట ఏడాది చెప్పగలిగితే ఆ మాటకు విలువ.

కాఫీ నచ్చకపోతే చెప్పి అక్కడికక్కడే సరిచేయించుకోగలగడమే చిన్న షాపుకి మారడంలో అసలు లాభం. రెండు గుటకలకే చెప్పండి, కప్పు ఖాళీ అయ్యాక కాదు. "బాలేదు" అంటే వాళ్లకు ఏం చేయాలో తెలియదు. పుల్లగా ఉందా, చేదుగా ఉందా, నాలుక పట్టేస్తోందా, పలచగా ఉందా చెప్పండి. పులుపూ పలచనా అయితే పొడి సన్నగా కొడతారు, చేదూ వగరూ అయితే బరకగా కొడతారు. ఒక చిన్న తిప్పుడుతో అయిపోతుంది. అయితే ఒక జాగ్రత్త. లేతగా వేయించిన గింజకు పులుపు ఉండాల్సిందే. పండు పులుపుతో పాటు తీపి కూడా ఉంటే అది ఆ గింజ గుణం. పచ్చికాయ కొరికినట్టుండి వెనక ఉప్పదనం తగిలితే షాట్ సరిగ్గా దిగలేదు. మొదటిదాన్ని వెనక్కి ఇవ్వకండి, ఇంకాస్త ముదురుది ఏముందని అడిగితే చాలు. కౌంటర్ ముందు పదిమంది నిలబడ్డప్పుడు ఈ చర్చ పెట్టుకోకండి.

డబ్బు విషయంలో భ్రమలు వద్దు. చిన్న షాపు పాలు, కప్పులు టోకున కొనలేదు, అందుకే ధర ఒక్కోసారి చైన్ కంటే ఎక్కువే ఉంటుంది. షాపు ఇంటి పక్కనే ఉన్నంత మాత్రాన రైతుకు ఎక్కువ ముడుతుందనీ లేదు. అది పచ్చిగింజ ఎవరి దగ్గర, ఏ ఒప్పందం మీద కొన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. షాపుకి నిజంగా ఉపయోగపడాలనుకుంటే డెలివరీ యాప్‌లో కాకుండా నేరుగా వెళ్లి కొనండి, ఎందుకంటే యాప్ కమీషన్ కప్పు మీద మిగిలేదాన్నే తినేస్తుంది. ఇంట్లో కాచుకునేవాళ్లయితే నెలకో 250 గ్రాముల గింజల సంచి అక్కడే తీసుకోండి. దాని మీద పాల ఖర్చు లేదు, చేసే పని లేదు, షాపుకి మిగులు బాగుంటుంది. మీ దగ్గరున్న గ్రైండర్‌కి ఎంత పొడి, ఎన్ని నీళ్లు అని అడిగితే చెప్తారు కూడా. ఆరు బల్లలున్న షాపులో ఒక్క కప్పుతో మూడు గంటలు లాప్‌టాప్ తెరిచి కూర్చోవాలంటే రద్దీ లేని వేళ చూసుకోండి.

కొన్నిసార్లు చైనే సరైనది, అందులో నామోషీ ఏమీ లేదు. కొత్త చోట, పొద్దుపోయాక, చక్రాల కుర్చీకి దారి, టాయిలెట్ కచ్చితంగా కావాల్సినప్పుడు, లేదా పాలు, గింజపప్పులు పడనివాళ్లకు ఏది దేంట్లో కలుస్తుందో రాతపూర్వకంగా కావాల్సినప్పుడు చైన్‌కే వెళ్లండి. చిన్న షాపుల్లో ఓట్ పాలకూ మామూలు పాలకూ చాలాచోట్ల జగ్గు ఒకటే, ఆవిరి గొట్టమూ ఒకటే. తుడుస్తారు, కానీ అలర్జీ ఉన్నవాళ్లకు తుడవడం చాలదు.

డీకాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీ, తాగేవాళ్లు మాత్రం విడిగా ఒక ప్రశ్న వేయండి: దానికి వేరే గ్రైండర్ ఉందా, లేక చిన్న పొట్లాలుగా తూచి పెట్టుకుంటారా? రోజుకు రెండు మూడు కప్పులే అమ్మే షాపులో డీకాఫ్ గింజలు గ్రైండర్‌లోనే వారాలు కూర్చుంటాయి, డీకాఫ్ మామూలు గింజ కంటే త్వరగా వాసన కోల్పోతుంది కూడా. ఒక్కో షాట్‌కి సరిపడా 18 గ్రాములు తూచి, గాలి చొరకుండా కట్టి ఫ్రీజర్లో పెట్టుకుని, అడిగినప్పుడు అలాగే గడ్డకట్టిన గింజల్నే గ్రైండర్‌లో వేసే షాపులు ఉంటాయి. అలాంటి చోటే అడగండి. లేదంటే సాయంత్రం డీకాఫ్ మానేసి ఇంకేదైనా తాగండి.